జిల్లాకు హెడ్డు

మా కుటుంబంలో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేను. నేను చదివిన విషయాల్లో ప్రభుత్వ పాలనాశాస్త్రం ఒకటి. ఆ సంగతి మా బంధువులందరికీ తెలుసు. ఆ శాస్త్రంలో ఏముంటుందో మాత్రం వారికి తెలియదు. రేషన్ కార్డులో పేరు తప్పుపడినా, వీధి దీపం వెలగకపోయినా, కుళాయిలో నీళ్ళు రంగు మారి వచ్చినా నన్నే పిలిచేవారు. పాలన చదివినవాడు కనుక పాలనలో తప్పులన్నీ సరిచేయగలడని వారి నమ్మకం. అందుచేత నాచారంలో ఉండే మా మేనత్త, తనకు కాబోయే కోడలి తండ్రి ఏ ఉద్యోగంలో ఉన్నాడో తేల్చి చెప్పమని నన్ను కోరడంలో వింత ఏమీ లేదు. ఆ పెద్దమనిషి ఇండోనేషియాలో ఉన్నాడు. నేనేమో పోటీ పరీక్షల కోసం పంచాయతీరాజ్ చట్టం చదువుతూ ఉప్పల్ దాటి వెళ్ళనివాణ్ణి.

ముందుగా మా అత్త ఇంటి సంగతి చెప్పాలి. నాచారం పారిశ్రామికవాడ గోడకు ఆనుకొని ఉన్న సందులో ఆమె ఇల్లు. ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకొని జాకెట్లు కుడుతుంది. మామ చనిపోయేనాటికి మా బావ బడికి వెళ్ళే వయస్సులో ఉన్నాడు. అప్పటి నుండి మామకు అన్న అయిన మా పెద్దమామే ఆ ఇంటికి పెద్ద. ఆయన చర్లపల్లిలోని ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. పిల్లలు లేరు. పక్క సందులోనే ఉంటారు. బావ డిప్లొమా చదివినా, కీబోర్డు నేర్చుకున్నా, మందుల కంపెనీలో యంత్రాలు బాగుచేసే ఉద్యోగంలో చేరినా ఆయన సరేనన్న తరువాతే. అత్త ఆయన ఎదుట గొంతు పెంచగా నేను ఎన్నడూ వినలేదు. ఆయన కాదన్న పనిని ఆమె చేయగా చూడనూ లేదు.

అమ్మాయిది ఇండోనేషియాలో మనాడో అనే నగరం. సముద్రం ఒడ్డున, వెనుక కొండలతో ఉంటుందట. మన విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదవడానికి వచ్చి హబ్సిగూడలో అద్దెకు ఉండేది. ఆదివారాలు మా చర్చికి వచ్చి పాటల బృందంలో చేరింది. ఆ బృందానికి కీబోర్డు వాయించేది మా బావ. తరువాతి కథ ఊహించుకోదగినదే. చదువు ముగిశాక ఆమె ఇక్కడే ఒక పాఠశాలలో ఇంగ్లీషు చెప్పడానికి కుదిరింది. బావ తన తల్లికి విషయం చెప్పాడు. తల్లి పెద్దమామ దగ్గరకు వెళ్ళింది. దేశం కాని దేశం పిల్ల, భాష తెలియదు, మనుషులు తెలియరు, అటువైపు అడిగి తెలుసుకునే దారి లేదు అని పెద్దమామ రెండు నెలలు తల అడ్డంగానే ఊపారు.

ఆ దశలో ఒక సాయంత్రం బావ అమ్మాయితో ఫోనులో ఇంగ్లీషులో మాట్లాడి, ఆమె చెప్పినదాన్ని తల్లికి తెలుగులో చెప్పాడు. తన తండ్రి 'హెడ్ ఆఫ్ ది డిస్ట్రిక్ట్' అని ఆమె అన్నది. వాళ్ళ నాన్న జిల్లాకు హెడ్డు అని బావ చెప్పాడు. అత్త మిషను ఆపి, దారం పంటితో తెంపి, తనకు తోచినది అన్నది.

"జిల్లకు హెడ్డంటే కలెక్టరే కదరా."

బావకు కాదనడానికి కారణం కనిపించలేదు. ఆ సమయంలో అక్కడే కూర్చొని టీ తాగుతున్న నాకూ కనిపించలేదు. జిల్లాకు అధిపతి కలెక్టర్ అని నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి.

మా అత్తకు కలెక్టర్ అంటే మాటగా తెలిసిన మనిషి కాదు, కళ్ళతో చూసిన మనిషి. మన జిల్లా కొత్తగా ఏర్పడి కలెక్టరేట్ కీసరలో ఉన్న రోజుల్లో, ఆగిపోయిన వితంతు పింఛను కోసం ఒక సోమవారం బస్సెక్కి వెళ్ళి, ఫిర్యాదులు వినే ప్రజావాణిలో వరుసలో నిలబడి, కలెక్టర్ ఎదుటకు చేరింది. ఆ అధికారి ఆమె చెప్పినది పూర్తిగా విని, పక్కనున్న ఉద్యోగిని తల ఎత్తి చూశారట. అంతే. పింఛను మళ్ళీ రావడం మొదలైంది. ఆ చూపును అత్త ఈ నాటికీ అభినయించి చూపిస్తుంది. అటువంటి చూపు గల మనిషి కూతురు తన ఇంటికి కోడలుగా రాబోతున్నదని ఆమె పెద్దమామకు చెప్పింది. అంతటి మనిషి పిల్లను ఇస్తానంటే కాదనడానికి తానెవరని పెద్దమామ అన్నారట. అడ్డంగా ఊగిన తల మొదటిసారి నిలువుగా ఊగింది. నిశ్చితార్థానికి మనాడో నుండి అమ్మాయి తల్లిదండ్రులు వస్తారని, వరుని తండ్రి కూర్చోవలసిన కుర్చీలో పెద్దమామ కూర్చుంటారని, రెండు వైపుల మాటలను నేను అనువదించాలని నిర్ణయమైంది. జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళ ద్వారా వార్త నాచారం చౌరస్తా దాకా వెళ్ళింది. ఆ అమ్మాయికి మా సందులో 'కలెక్టర్ బిడ్డ' అనే పేరు స్థిరపడింది.

అనువదించవలసిన బాధ్యత నా మీద పడ్డాక, వచ్చే అతిథిని సభకు ఎలా పరిచయం చేయాలో ముందే రాసి పెట్టుకుందామని నేను ఆ దేశపు పాలన గురించి ఒక పుస్తకం తెచ్చి చదవడం ప్రారంభించాను. నా అయోమయం అక్కడి నుండే మొదలైంది.

మనాడోను వారు 'కోట' అంటారు. వారి భాషలో కోట అంటే నగరమే. గోడలూ బురుజులూ ఉండవలసిన పని లేదు. ఆ కోటకు మేయరు 'వలి కోట'. మన దగ్గర వలీ అంటే దర్గాలో సమాధి అయిన మహనీయుడు. అక్కడ వలి బతికి ఉండి సంతకాలు చేస్తాడు. నగరానికి బయట, కోటతో సమానమైన స్థాయిలో ఉండే ప్రాంతానికి అధిపతిని 'బుపాతి' అంటారు. ఇది మన భూపతి అని వెంటనే పోల్చుకొని సంతోషించాను. పల్లెను 'దేశ' అంటారని చదివినప్పుడు సంతోషం కొంత తగ్గింది. దేశాన్ని 'నెగర' అంటారని, అది మన నగరమేనని తెలిసినప్పుడు పుస్తకం మూసివేశాను. వారికి దేశమంటే ఊరు, నగరమంటే దేశం, కోట అంటే నగరం. పల్లె పెద్దను 'కెపాల దేశ' అంటారు; కెపాల అంటే తల, అంటే మన కపాలం. మాటలన్నీ మనవే. ఒక్కటీ ఉండవలసిన చోట లేదు. మన ఇంటి సామాను ఇంకొకరి ఇంట్లో, వంటగది వస్తువులు పడకగదిలోనూ పడకగదివి వంటగదిలోనూ పెట్టి ఉంటే చూసేవాడికి ఎలా ఉంటుందో నాకు అలా ఉండింది.

అసలు చిక్కు వేరే ఉన్నది. కోటను కొన్ని 'కెచమాతన్'లుగా విభజిస్తారు. కెచమాతన్‌కు అధికారి 'చామత్'. కెచమాతన్‌లో కొన్ని 'కెలురాహన్'లు, ఒక్కొక్క దానికి ఒక 'లురా'. అమ్మాయి తండ్రి చామత్ అని బావ కనుక్కొని చెప్పాడు. కెచమాతన్ అనే మాటను ఇంగ్లీషులో ఒకరు డిస్ట్రిక్ట్ అని, మరొకరు సబ్‌డిస్ట్రిక్ట్ అని రాస్తున్నారు. నగరం లోపల ఉన్న ముక్క జిల్లా ఎలా అవుతుంది? మన దగ్గర నగరమే జిల్లాలో ఉంటుంది, లేదా కొన్ని జిల్లాల మీదుగా పరచుకొని ఉంటుంది. జిల్లా నగరంలో ఉండదు. ఎలా తిప్పి చూసినా చామత్ కలెక్టర్ కావడం లేదు.

ఒక మధ్యాహ్నం నాచారం చౌరస్తా దగ్గరి టీ హోటల్లో ఆ అమ్మాయినే అడిగాను. ఆమె నన్ను 'తమ్మీ' అని పిలవడం బావ దగ్గర నేర్చుకుంది. ఉస్మానియా బిస్కెట్టును టీలో ముంచుతూ తమ ప్రాంతం చరిత్ర ఓపికగా చెప్పింది. ఇప్పుడు తన తండ్రి అధికారంలో ఉన్న ప్రాంతం పూర్వం నగరం కాదు. కొబ్బరి తోటల మధ్య కొన్ని ఊళ్ళు. ఒక్కొక్క ఊరికి ఊరివారే ఎన్నుకున్న పెద్ద ఉండేవాడు. ఆయనను 'హుకుం తువా' అనేవారు. తువా అంటే ముసలి, పెద్ద అని అర్థం. హుకుం అంటే ఏమిటో ఆమె చెప్పబోగా, చెప్పనవసరం లేదని నేనన్నాను. మా పెద్దమామ మాట్లాడితే నాచారంలో దాన్నే హుకుం అంటారు. ఆమె తాత ఒక ఊరికి హుకుం తువాగా ఉండేవాడు. కొన్ని ఊళ్ళు కలిసిన పెద్ద ప్రాంతానికి మరొక పెద్ద. డచ్చివారు వచ్చి ఆ పెద్దలకు జీతాలిచ్చి, ఆ ప్రాంతాలకు డిస్ట్రిక్ట్ అని పేరు పెట్టారు. తరువాత డచ్చివారు వెళ్ళిపోయారు, డిస్ట్రిక్టులు మారాయి, నగరం పెరిగి ఊళ్ళను కలుపుకొంది. ఊరు కెలురాహన్ అయింది. ఊరివారు ఎన్నుకునే హుకుం తువా పోయి, మేయరు పంపించే లురా వచ్చాడు. పాత డిస్ట్రిక్ట్ పేరు ఎక్కడికి పోయిందని అడిగాను. ఇంగ్లీషులో రాసేవారు దాన్ని తీసి కెచమాతన్‌కు పెట్టారని ఆమె చెప్పింది. అంటే పాత పుస్తకాల్లోని డిస్ట్రిక్ట్ వేరు, నేటి డిస్ట్రిక్ట్ వేరు, నేల మాత్రం ఒకటే.

ఇదంతా నాకు పూర్తిగా కొత్తగా అనిపించలేదు. నాచారం ఊరుగా ఉన్న రోజులను పెద్దమామ చూశారు. ఆయన జనగామ వైపు నుండి పని వెతుక్కుంటూ వచ్చినప్పుడు పారిశ్రామికవాడ పక్కన జొన్న చేలు ఉండేవట. నేటికీ భూమి కాగితాల మీద నాచారం గ్రామమే. నేను ఈ మాట అన్నప్పుడు ఆమె ఉత్సాహంగా, అయితే మీ నాచారం ఎందులో ఉన్నది అని అడిగింది. ఉప్పల్ మండలంలో అన్నాను. ఉప్పల్ అంటే ఏమిటని అడిగింది. అది మండలం, శాసనసభ నియోజకవర్గం, మున్సిపల్ సర్కిల్. పోలీస్ స్టేషన్, బస్ డిపో, మెట్రో స్టేషన్, రింగ్ రోడ్డు కూడా అని చెప్పాను. ఒకదాని హద్దు మరొకదాని హద్దుతో కలవదని కూడా నిజాయితీగా చెప్పాను. ఆమె బిస్కెట్టును పట్టుకొని ఆలోచించింది. బిస్కెట్టు తడిసిన సగం టీలో పడిపోయింది.

"మరి వీటిలో ఉప్పల్ ఏది?" అని ఇంగ్లీషులో అడిగింది.

చామత్ ఎవరో తెలుసుకుందామని వెళ్ళినవాణ్ణి, ఉప్పల్ ఏదో తెలియకుండా ఇంటికి వచ్చాను.

నిశ్చితార్థానికి నాలుగైదు రోజుల ముందు అత్తకు విషయం చెప్పకుండా ఉండడం న్యాయం కాదనిపించింది. వెళ్ళేసరికి ఆమె ఎవరిదో పట్టుజాకెట్టుకు చేతులు అతుకుతున్నది. ఆయన కలెక్టర్ కారని, అక్కడి డిస్ట్రిక్ట్ మన మండలం అంతటిదని సాధ్యమైనంత నెమ్మదిగా చెప్పాను. ఆమె మిషను ఆపలేదు. అయితే ఉప్పల్ ఎమ్మార్వో వంటివాడా అని అడిగింది. దాదాపు అంతే గాని, ఎమ్మార్వో ఒక్కడే కాదని, చెత్త, కాలువలు, వీధుల విషయాలు కూడా చూస్తాడు కనుక మన సర్కిల్ ఆఫీసులో డిప్యూటీ కమిషనర్ వంటివాడు కూడానని అన్నాను. కొన్ని చోట్ల భూమి దస్తావేజులు కూడా చామత్ ఎదుటే రాస్తారట కనుక కొంత సబ్ రిజిస్ట్రారు అని కూడా అన్నాను. నా మాటలు నాకే అడ్డదిడ్డంగా వినిపించాయి. అప్పుడు మిషను ఆగింది.

"ఇంతకు గాయన ఏందిరా? ఒక్క మాట జెప్పు. ఒక్కటంటే ఒక్కటే."

ఒక్క మాట లేదని చెప్పాను.

"ఇంత సదివిన నీకే దొర్కకపోతే నేనేడికెళ్ళి తేవాలె?" అని అత్త జాకెట్టును ఒళ్ళో పెట్టుకుంది. దాని మడతలు సరిచేస్తూ మళ్ళీ మాట్లాడింది. "మీ పెద్దమామకు కలెక్టరని జెప్పింది నేను. గా మాట మీదనే ఒప్పుకున్నడు. ఇప్పుడు కాదంటే, గా కుర్చీల కూసోడు. ఆయన కూసోకపోతే నేను పెండ్లి జెయ్యలేను, నా కొడుకు ఇంకొకదాన్ని చేసుకోడు. గా దినం నిలవడి మాట్లాడేది నువ్వే. అబద్ధం జెప్పమంటలేను. తప్పయితే తప్పనే జెప్పు. గని నా ఇల్లు ఆగం గాకుంట జెప్పు."

నిజం చెప్పాలి, పెళ్ళి చెడకూడదు. ఈ రెండూ ఒకే వాక్యంలో పట్టించడం ఎలాగో పాలనాశాస్త్రంలో లేదు. ముందుగా పెద్దమామకే చెబుదామని ఒకసారి ఆయన ఇంటి దాకా వెళ్ళాను. ఆయన కొత్త చొక్కాకు బొత్తాలు సరిచూసుకుంటున్నారు. కలెక్టర్ ఎదుట కాలు మీద కాలు వేసుకోవచ్చునా అని నన్ను అడిగారు. వేసుకోకపోవడమే మంచిదని చెప్పి వచ్చేశాను.

నిశ్చితార్థం అత్త ఇంటి మేడ మీద షామియానా కింద జరిగింది. పాస్టర్ గారు ప్రార్థన చేశారు. పెట్రోమాక్స్ లైటంత ప్రకాశంగా ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో పెద్దమామ తండ్రి స్థానంలో కూర్చున్నారు. ఆయన తన కుర్చీని పక్కనున్న అతిథి కుర్చీకి బాగా దూరంగా, కొంచెం వెనక్కు జరిపి వేయించుకున్నట్లు నేను గమనించాను. అది ఆయన బెట్టు అనుకున్నాను. అమ్మాయి తండ్రి పొట్టిగా, గుండ్రని ముఖంతో, పూల అచ్చు వేసిన పొడుగు చేతుల చొక్కాలో ఉన్నారు. ఆయన భాషను అమ్మాయి ఇంగ్లీషులోకి, దాన్ని నేను తెలుగులోకి మార్చాలి. నా జేబులో పరిచయ వాక్యం సిద్ధంగా ఉన్నది. ఆయన హోదా చెప్పవలసిన చోట 'చామత్' అనే మాట మాత్రమే రాసుకున్నాను. ఎవరూ అర్థం అడగరని నా ఆశ.

నేను లేవకముందే పెద్దమామ లేచారు. ఈ పలకరింపును ఆయన కొన్ని రోజులుగా అభ్యాసం చేశారని తరువాత తెలిసింది. రెండు చేతులూ జోడించి, కొంచెం వంగి, అందరికీ వినిపించేటట్లు పలికారు.

"నమస్తే కలెక్టర్ సాబ్."

ఆ మాటకు అనువాదం అవసరం రాలేదు. అతిథి ముఖంలో చిరునవ్వు పోయింది. ఆయన కూతురి వైపు తిరిగి వేగంగా ఏదో అడిగారు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తరువాత నాకు ఇంగ్లీషులో చెప్పింది: తమ దేశంలో కొలెక్తర్ అంటే అప్పు వాయిదాలు కట్టనివారి తలుపు తట్టే మనిషి, తాను అటువంటివాడనని ఎవరు చెప్పారని నాన్న అడుగుతున్నారు, తాను ప్రభుత్వ ఉద్యోగి, జీవితంలో ఎవరి తలుపూ అలా తట్టలేదు అని చెప్పమంటున్నారు.

దీన్ని నేను తెలుగులో చెప్పాలి. అత్త మెట్ల దగ్గర, వంట వైపు నిలబడి నన్నే చూస్తున్నది. బావ తల వంచుకున్నాడు. జేబులోని వాక్యం పనికిరాదని అర్థమైంది.

"మామా, ఆయన కలెక్టర్ కారు," అన్నాను. "కలెక్టర్ అంటే వాళ్ళ దగ్గర వసూళ్ళు చేసేవాడని అర్థమట. ఆయన అది కారు, మన జిల్లా కలెక్టరూ కారు. మండలం అంతటి చోటుకు అధికారి."

పెద్దమామ నా వైపు కాక, మెట్ల వైపు చూశారు. కలెక్టరని తనకెందుకు చెప్పావని అత్తను అడిగారు. గొంతులో కోపం ఉన్నదో లేదో నాకు తెలియలేదు. జిల్లాకు హెడ్డు అంటే కలెక్టరే అనుకున్నానని, అది తన తెలివితక్కువేనని అత్త చెప్పింది. తరువాత, ఆయన ఎదుట ఆమె ఎన్నడూ అనని మాట ఒకటి అన్నది.

"పిల్ల మాత్రం గదే పిల్ల. ఆమె మారలే."

పెద్దమామ ఈసారి నా వైపు తిరిగారు. మండలం అంటే ఉప్పల్ వంటిదా అన్నారు. దాదాపు అన్నాను. అయితే ఉప్పల్‌కు హెడ్డు ఎవరు అన్నారు. నేను భయపడిన ప్రశ్న ఇదే. భూమికి తహసీల్దార్ అని మొదలుపెట్టాను. చెత్తకు సర్కిల్ ఆఫీసు అని ఎవరో అందించారు. నీళ్ళకు వేరే ఆఫీసు, కరెంటుకు వేరే ఆఫీసు అని మరొకరు. మా సందు వెనుక నాలా మీద రెండు ఆఫీసుల మధ్య వివాదం ఉన్న సంగతి ఇంకొకరు ఎత్తారు. అసలు హెడ్డు రింగు రోడ్డు దగ్గర నిలబడే ట్రాఫిక్ పోలీసేనని, అతను చెయ్యి ఎత్తితేనే ఉప్పల్ కదులుతుందని వెనుక వరుసలో బావ స్నేహితుడు అన్నాడు. అమ్మాయి ఇవన్నీ తండ్రికి వినిపిస్తూ ఉన్నది. ఆయన నాలా మాట దగ్గర చెయ్యి ఎత్తి ఆపి, ఏదో చెప్పారు. తన దగ్గర కూడా ఇద్దరు లురాల మధ్య ఒక కాలువ ఉన్నదట. వరద వస్తే ఇద్దరూ అది తనది కాదంటారట. అప్పుడు చామత్ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఇద్దరినీ తిట్టాలట. తన ఉద్యోగం ప్రధానంగా అదేనని చెప్పమన్నారు.

నేను చెప్పాను. పెద్దమామ జేబురుమాలు తీసి మెడ వెనుక తుడుచుకున్నారు. కొత్త చొక్కా వీపంతా తడిసి ఉన్నదని అప్పుడు చూశాను.

"పొద్దుగాల సంది నాకు పానం మంచిగ లేదురా," అన్నారు, నాతో కాక తనతోనే చెప్పుకుంటున్నట్లు. "కలెక్టర్ పక్కన ఫిట్టర్ ఎట్ల కూసుంటడు? కాళ్ళు ఏడ పెట్టాలె? ఏం మాట్లాడాలె? నిన్నటి సంది బువ్వ దిగలే. గీయనతోని ఐతే మాట్లాడొచ్చు."

ఆయన వంగి, తన కుర్చీని రెండు చేతులతో ఎత్తి, ముందుకు జరిపి, అతిథి కుర్చీకి తగిలేటట్లు వేశారు. కూర్చున్నారు. కొంతసేపటికి కాలు మీద కాలు కూడా వేసుకున్నారు. నేను బెట్టు అనుకున్నది భయం. ఈ సంగతి ఆయనను చిన్నప్పటి నుండి ఎరిగిన మాలో ఎవరికీ తట్టలేదు.

అతిథికి మాటలు అర్థం కాకపోయినా కుర్చీ అర్థమైంది. ఆయన తన రొమ్ము మీద చెయ్యి పెట్టుకొని, ఆ చేతితోనే పెద్దమామ భుజాన్ని తాకి, ఒక్క మాట అన్నారు.

"బేసన్."

పెద్దమామ నా వైపు తిరిగారు. "శెనగపిండి ఎందుకంట?"

నాకూ తెలియలేదు. హైదరాబాదులో పుట్టినవాడెవడైనా ఆ మాటకు శనగపిండి అనే అనుకుంటాడు. మెట్ల దగ్గర నుండి అత్త, మిర్చి బజ్జీలకు పిండి కలిపే ఉన్నదని, ఇంకా కావాలంటే తెప్పిస్తానని అన్నది. అతిథి మళ్ళీ రొమ్ము మీద, భుజం మీద చెయ్యి వేసి, బేసన్, బేసన్ అన్నారు. అమ్మాయి నవ్వు ఆపుకొని ఇంగ్లీషులో చెప్పబోయి ఆగిపోయింది. ఇంగ్లీషులో దీనికి మాట లేదని అన్నది. పిల్లలు పెళ్ళి చేసుకుంటే, ఆ అబ్బాయి తండ్రి, ఈ అమ్మాయి తండ్రి, వారిద్దరూ ఒకరికొకరు ఏమవుతారో అది అని, రెండు చూపుడు వేళ్ళను పక్కపక్కన చేర్చి చూపింది.

కొన్ని వారాలుగా నేను మాటల కోసం వెతుకుతున్నాను. జిల్లాకు సరిపోయే మాట దొరకలేదు, చామత్‌కు దొరకలేదు, ఉప్పల్‌కు కూడా దొరకలేదు. ఈ ఒక్క మాటకు మాత్రం వెతకవలసిన పని లేకపోయింది. ఎక్కువ తక్కువలు లేకుండా అది మన దగ్గర ఉన్నది.

"వియ్యంకుడు అంటున్నారు మామా," అన్నాను. "మిమ్మల్ని."

పిల్లలు లేని మనిషిని ఆ మాటతో పిలిచే అవకాశం ఎవరికీ ఉండదు. ఆ ఆలోచన నాకు మాట పలికిన తరువాత కలిగింది. పెద్దమామ మెడ తుడుచుకున్న రుమాలును మడతపెట్టి జేబులో పెట్టుకోబోయి, జేబు కనిపించక, చేతిలోనే ఉంచుకున్నారు.

"ఏమన్నడు? మల్ల అనుమను," అన్నారు.

నేను అనువదించలేదు. అమ్మాయీ అనువదించలేదు. అతిథి మళ్ళీ అన్నారు. పెద్దమామ పాస్టర్ గారి వైపు తిరిగి, ఉంగరాలు మార్పించండి, బజ్జీలు చల్లారుతున్నాయని చెప్పారు. నాచారంలో దాన్ని హుకుం అంటారు.

పెళ్ళి అయింది. అమ్మాయిని మా సందులో నేటికీ కలెక్టర్ బిడ్డ అనే అంటారు; ఎవరూ దిద్దుకోలేదు, అత్త కూడా దిద్దడం మానుకుంది. పెద్దమామ మాత్రం ఆ మాట వాడరు. మనాడో నుండి ఫోన్ వచ్చినప్పుడల్లా తనకు రాని భాషలో వరుసగా బేసన్, బేసన్ అని అరిచి, తరువాత ఫోనును కోడలికి ఇస్తారు. మొన్న ఒకసారి, ఆమె అనువదించడానికి పక్కనే ఉండగా, నాకు ఇచ్చారు. నాలా సంగతి ఏమైందో తన వియ్యంకుడు అడుగుతున్నాడని, ఇక్కడ ఎవరికి చెబితే పని అవుతుందో ఆయనకు చెప్పమని అన్నారు. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకొని, తహసీల్దార్ అని మొదలుపెట్టి, కాదని, సర్కిల్ ఆఫీసు అని అన్నాను. ఆ మధ్య హద్దులు మళ్ళీ మారాయని గుర్తు వచ్చి, ఆగిపోయాను. అటువైపు నుండి ఆయన ఓపికగా ఎదురుచూస్తున్నారు.